నర్సింగ్ పిల్లలతో కథలు రాయించడం దేనికి?

గుణుపురం_నాన్న | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ మూడో సెమిస్టర్ చదువుతోంది. కాలేజీ మూడు గంటల దూరం, హాస్టల్లో ఉంటుంది. నిన్న ఫోన్ చేసి, "నాన్నా, ఒక కథ రాయాలి, పేషెంటుని నేనే అనుకుని రాయాలి, పది మార్కులు" అంది. అనాటమీ కోసం రాత్రిళ్లు మేలుకుందంటే అర్థముంది. కథేమిటి? అడిగితే రిఫ్లెక్టివ్ ప్రాక్టీస్ అట. అంటే ఏమిటే అంటే, "చేసిన పని గురించి మళ్లీ ఆలోచించుకోవడం" అంది. దానికి కథ ఎందుకండీ? ఊరికే కూర్చుని ఆలోచించుకోకూడదా? ఇంత ఫీజు కడుతున్నాం, సూది పట్టుకోవడం నేర్పితే చాలు. ఈ ఏడాది బస్సు ఫీజు కూడా పెంచారు, అది వేరే సంగతి. తెలిసినవాళ్లు చెప్పండి, దీనివల్ల ఉపయోగం ఉందా, ఉత్త కాలక్షేపమా?

రాయగడ_సిస్టరమ్మ | సోమవారం రాత్రి 10:25

కాలక్షేపమే నాయనా. 34 ఏళ్లు వార్డుల్లో నిలబడి రిటైర్ అయ్యాను, అందులో సగం నైట్ డ్యూటీలే. మాకు నేర్పింది ఒకటే. చూసింది రాయి, చేసింది రాయి, టైం వెయ్యి, సంతకం పెట్టు. అనుకున్నది రాయకు. ఓసారి నర్సు నోట్స్‌లో "పేషెంటు బాధపడుతున్నట్టు ఉంది" అని రాశాను. మా మేట్రన్ ఎర్ర సిరాతో కొట్టేసి, పక్కన "నొప్పి ఎక్కడ? ఎప్పటినుంచి? పల్స్ ఎంత?" అని రాసింది. ఇప్పుడేమో అనిపించిందే రాయమంటున్నారు. పేషెంటుని నేనే అనుకోవాలట. నువ్వు వెళ్లి మంచం మీద పడుకుంటే ఇంక నర్సు ఎవరమ్మా?

ఇప్పటి పిల్లలు పల్స్ పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చవేస్తారు. నిమిషం నిండా చెయ్యి పట్టుకునే ఓపిక లేదు. వీళ్లకి కథలొకటి తక్కువయ్యాయి.

వంశధార | సోమవారం రాత్రి 10:31

సిస్టరమ్మ గారు రంగంలోకి దిగారు. టీ పెట్టుకుని వస్తాను.

బరంపురం_ట్యూటర్ | సోమవారం రాత్రి 11:50

సిస్టరమ్మ గారూ, నమస్కారం. నేను నర్సింగ్ ట్యూటర్‌ని, 11 ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. నర్సు నోట్స్‌లో కల్పన రాయమని ఎవరూ అనలేదు. అది కేస్ షీట్‌తో పాటు ఉండే కాగితం, రేపు కోర్టుకైనా వెళ్తుంది. మేము రాయించేది వేరే నోటుబుక్కులో.

ఇది నిన్న మొన్న పుట్టిన ఫ్యాషన్ కాదు. పని తెలిసిన మనిషి పని చేస్తూనే ఆలోచిస్తాడని, అయ్యాక వెనక్కి తిరిగి ఇంకోసారి ఆలోచిస్తాడని, ఈ రెండూ వేరు వేరని డొనాల్డ్ షోన్ 1983లోనే పుస్తకం రాశాడు. 1988లో గ్రాహమ్ గిబ్స్ ఆ ఆలోచనని ఆరు గడులుగా గీశాడు. ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది లేదు, ఎందుకలా అయింది, ఇంకేం చెయ్యగలిగేదాన్ని, మళ్లీ అలాంటిదే వస్తే ఏం చేస్తాను. చాలా కాలేజీల్లో నడుస్తున్నది ఇదే. చిక్కేమిటంటే పిల్లలు దీన్ని రేషన్ కార్డు ఫారంలా నింపేస్తారు. క్లాసులో 60 మంది ఉంటే రెండో గడిలో 60 మందీ "ఐ ఫెల్ట్ శాడ్". నేను దిద్దీ దిద్దీ విసిగిపోయాను.

అందుకని కథ. మంచం మీద ఉన్న మనిషి గొంతుతో రాయమంటే ఆ గడులు పనికిరావు. పైన ఫ్యాను తిరుగుతోందా లేదా, సిస్టర్ చెప్పులు ఎలా చప్పుడవుతున్నాయి, ఇవన్నీ గుర్తు తెచ్చుకోవాలి. గుర్తు రాకపోతే రేపు వెళ్లి చూడాలి. అమెరికాలో కొలంబియా యూనివర్సిటీలో రీటా షారన్ అనే డాక్టరు తన మెడికల్ స్టూడెంట్లతో, కేస్ షీట్‌లో రాయడానికి చోటు లేని సంగతులన్నీ పక్కన వేరే కాగితం మీద మామూలు మాటల్లో రాయించింది. బ్రిటన్‌లో 2016 నుంచి ప్రతి నర్సూ మూడేళ్లకోసారి రిజిస్ట్రేషన్ నిలబెట్టుకోవడానికి తన పని గురించి ఇలాంటి రాతలు 5 చూపించాలి.

గుణుపురం_నాన్న | మంగళవారం ఉదయం 6:15

బ్రిటన్‌లో అడుగుతారంటే సరే. మరి అక్కడికి వెళ్లేటప్పుడు ఈ కథ పనికొస్తుందా? సర్టిఫికెట్ లాంటిది ఇస్తారా?

రాయగడ_సిస్టరమ్మ | మంగళవారం ఉదయం 7:02

ట్యూటర్ మేడమ్, ఒక్కటి చెప్పండి. ఆ 5 రాతలు కథలా? అవునా కాదా.

బరంపురం_ట్యూటర్ | మంగళవారం మధ్యాహ్నం 1:20

కథలే కానక్కర్లేదు. జరిగినది, దానినుంచి నేర్చుకున్నది రాయాలి.

రాయగడ_సిస్టరమ్మ | మంగళవారం మధ్యాహ్నం 1:24

కథలు కావన్నమాట.

బరంపురం_ట్యూటర్ | మంగళవారం మధ్యాహ్నం 1:31

అయ్యో, నేను చెప్పింది అది కాదు. రాయడం అలవాటు ఉండాలని చెప్పాను. ఆ అలవాటు చెయ్యడానికి కథ ఒక దారి.

రాయగడ_సిస్టరమ్మ | మంగళవారం మధ్యాహ్నం 1:33

కథలు కావు. అంతే కదా నేనడిగింది.

పర్లాకిమిడి_తాత | మంగళవారం సాయంత్రం 4:45

కథా కాదా అన్నది తరవాత. ఏ భాషలో రాయిస్తున్నారు? అది ఎవరూ అడగరేం?

మా ఊళ్లో గిడుగు రామమూర్తి పంతులు గారు బడిపంతులుగా ఉంటూ, సవరలతో కూర్చుని వాళ్ల మాట నేర్చుకుని, ఆ భాషకి నిఘంటువు కట్టారు. వ్యవహారంలో ఉన్న మాటే రాతలోకి రావాలని జీవితమంతా పోట్లాడారు. ఆయన పుట్టినరోజు, ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవం అంటూ దండలు వేస్తారు కదా. మరి ఆ ఊరి పిల్లలే ఇప్పుడు తమకేమనిపించిందో ఇంగ్లీషులో రాయాలట. నా మనవరాలు నర్సింగే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. దానికి ఏడుపు ఏ భాషలో వస్తుందో ముందు కనుక్కోండి.

వంశధార | మంగళవారం సాయంత్రం 4:52

తాతగారు ప్రతి చర్చనీ గిడుగు దగ్గరికి తీసుకెళ్తారు. కరెంటు కోత గురించి మాట్లాడినప్పుడు కూడా వచ్చారు ఆయన.

పర్లాకిమిడి_తాత | మంగళవారం సాయంత్రం 4:58

వస్తారు. వచ్చి తీరతారు.

ఆరో_సెమిస్టర్ | మంగళవారం రాత్రి 11:40

నేను స్టూడెంట్‌ని, ఆరో సెమిస్టర్. పేరు, కాలేజీ అడగకండి. రెండు వైపులా కొంచెం చెప్పాలి.

ట్యూటర్ మేడమ్ చెప్పిన ఆరు గడుల సంగతి నిజమే. మొదటిసారి ఇచ్చినప్పుడు ఒక ముసలాయన చనిపోవడం గురించి రాశాను. నిజానికి అప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఆకలేసింది, మెస్ మూసేస్తారని టెన్షన్ పడ్డాను. కానీ కళ్లనీళ్లు ఆగలేదని రాశాను. 9 మార్కులు వచ్చాయి. నా ఫ్రెండ్ ఉన్నది ఉన్నట్టు "నాకేమీ అనిపించలేదు" అని రాసింది. దానికి 5, పక్కన "మోర్ ఫీలింగ్స్" అని రిమార్క్.

కథ మాత్రం వేరుగా ఉంది. పిల్లల వార్డు పోస్టింగ్‌లో, రాత్రి పది నుంచి ఒంటిగంట మధ్య జరిగింది. ఒక తల్లి గొంతుతో రాశాను. ఆ రాత్రంతా ఆవిడకీ నాకూ మాటే కుదరలేదు, ఆవిడకి ఒడియా కూడా అంతంతే. పేర్లు, ఊరు లేవు, కొన్ని మార్చాను. పెడుతున్నాను, చదివి చెప్పండి.

"నా బిడ్డకి నాలుగేళ్లు. మూడు రోజులుగా జ్వరం. చలి వచ్చినప్పుడు దాని పళ్లు టకటకమంటాయి. జీపులో పడేసి తెచ్చాం. ఇక్కడ మంచాలు ఇనపవి, కాలికి తగిలితే చల్లగా ఉంటాయి. తెల్లబట్టల పిల్ల వచ్చి బిడ్డ చేతికి అట్టముక్క కట్టి గొట్టం పెట్టింది. తలమీద కొత్త సీసా తగిలించింది. గడియారం చూసుకుంటూ చుక్కలు లెక్కపెట్టింది. నాకేసి తిరిగి రెండు చేతుల వేళ్లూ తెరిచి మూసి, తెరిచి మూసి, నాలుగుసార్లు చూపించింది. అంతకంటే ఎక్కువైతే నన్ను పిలువు అని సైగ చేసింది.

నేను చుక్కలు చూస్తూ కూర్చున్నాను. వాన వెలిశాక మా ఇంటి చూరు నుంచి పడతాయే, అలాంటి పెద్ద పెద్ద చుక్కలు. ఒక్కొక్కటీ లావెక్కి, వేలాడి, తెగి పడుతుంది. నా వేళ్లు నాలుగుసార్లు అయిపోయేటప్పటికి ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. అందుకని పిలవలేదు. సీసా అడుగున టీ గ్లాసుడు నీళ్లు మిగిలాయి. అప్పుడు బిడ్డ దగ్గింది. మళ్లీ దగ్గింది. ముక్కు రెక్కలు ఎగురుతున్నాయి. పరిగెత్తాను. ఏమని పిలవాలో తెలియక దీదీ అన్నాను. డాక్టరు కుర్రాడొచ్చి చిన్న చక్రం తిప్పాడు, చుక్కలు ఆగిపోయాయి. తెల్లారాక బిడ్డ మండియా జావ తాగింది. నేను మాత్రం ఆ పిల్ల చేతులే చూస్తున్నాను. నాలుగుసార్లు తెరిచిన చేతులు. అవి వణుకుతున్నాయి."

బిడ్డ అయిదో రోజున ఇంటికెళ్లిపోయింది. ఈ కథకీ 9 వచ్చాయి. "చాలా హృద్యంగా ఉంది" అన్నారు మా మేడమ్.

బరంపురం_ట్యూటర్ | బుధవారం ఉదయం 8:10

తల్లీ, కళ్లు చెమర్చాయి. ఆ నాలుగుసార్లు తెరిచిన చేతులు చాలు. నేనైతే పదికి పది వేసేదాన్ని. సిస్టరమ్మ గారూ, ఇప్పుడు చెప్పండి, ఇది కాలక్షేపమా? భాష రాని తల్లి పక్కన నిలబడటం ఏ గడిలో నేర్పుతాం?

కాఫీతోట_కొరాపుట్ | బుధవారం ఉదయం 9:30

బాగుంది. కానీ నాకో ఇబ్బంది. ఆ తల్లి తన కథ రాయమని ఎవరినీ అడగలేదు కదా. ఆవిడకి చదువు రాదు, మాట రాదు, తన గొంతు ఎవరో పది మార్కులకి వాడుకున్నారని ఎప్పటికీ తెలియదు. మా కొండ జనాల గొంతుతో మాట్లాడేవాళ్లు ఈ జిల్లాల్లో ఎప్పుడూ ఎక్కువే.

వంశధార | బుధవారం ఉదయం 9:41

పాపం చిన్నపిల్ల రాసింది, దాన్ని కూడా రాజకీయం చెయ్యాలా?

రాయగడ_సిస్టరమ్మ | బుధవారం ఉదయం 11:15

అమ్మాయీ. ఆ రాత్రి ఏ సెట్ పెట్టారు?

రాయగడ_సిస్టరమ్మ | బుధవారం ఉదయం 11:38

ఎవరికీ అర్థం కాలేదేమో, విడమరిచి చెప్తాను. నేను కథ మూడుసార్లు చదివాను.

పిల్లలకి సీసా ఎక్కించేటప్పుడు పెట్టే గొట్టం మైక్రో డ్రిప్ సెట్. దాని చాంబర్‌లో, అంటే చుక్కలు పడే బుడ్డిలో, పైన సన్నటి సూది ఉంటుంది, చుక్క చిటికెడు కూడా ఉండదు, టిక్ టిక్ టిక్ మని పడుతుంది. 60 చుక్కలైతే ఒక మి.లీ. పెద్దవాళ్ల సెట్‌లో సూది ఉండదు, 20 చుక్కలకే ఒక మి.లీ. ప్యాకెట్ మీదే అచ్చు వేసి ఉంటుంది. చూరు నీళ్లలా లావెక్కి, వేలాడి, తెగి పడే చుక్క మైక్రో సెట్‌లో పడదమ్మా. నా జన్మలో చూడలేదు.

మైక్రో సెట్‌లో నిమిషానికి ఎన్ని చుక్కలో గంటకి అన్ని మి.లీ. నలభై చుక్కలు పెట్టావంటే డాక్టరు గంటకి 40 రాసి ఉంటాడు. నాలుగేళ్ల కొండపిల్ల, పన్నెండు కిలోలుంటుందేమో, సరిపోయింది. పదింటికి కొత్త సీసా. ఒంటిగంటకి 120 పోయి, 500 సీసాలో 380 ఉండాలి. నువ్వు టీ గ్లాసుడు అన్నావు. అంటే 140, 150. పెద్దవాళ్ల సెట్‌లో అదే నలభై చుక్కలు పెడితే గంటకి 120, మూడు గంటలకి 360. లెక్క సరిగ్గా అక్కడికే వస్తోంది.

ఆ బిడ్డ దగ్గింది జ్వరానికి కాదేమో.

బరంపురం_ట్యూటర్ | బుధవారం మధ్యాహ్నం 12:20

సిస్టరమ్మ గారూ, ఇదేం పద్ధతండీ? అది కథ. కథలో చుక్కలు ఎలాగైనా పడతాయి. ధైర్యం చేసి మనసు విప్పిన పిల్లని నలుగురి ముందూ పోలీసులా నిలదీస్తారా? ఇలా చేయడం వల్లే ఈ పిల్లలు నోరు విప్పరు. మీ తరం సిస్టర్ల దగ్గర మేము పడ్డదే ఇది. నేను రెండో సంవత్సరంలో ఉండగా లేబర్ రూమ్‌లో చచ్చిపుట్టిన బిడ్డని గుడ్డలో చుట్టి తీసుకెళ్లి పెట్టమన్నారు. నా చేతుల్లో ఇంకా వెచ్చగా ఉంది. తిరిగొస్తే ఇన్‌చార్జి సిస్టర్ అడిగిన మొదటి ప్రశ్న "ట్రే కడిగావా?" ఆ తరవాత వెళ్లి భోంచేశాను. ఎవరూ ఏమీ అడగలేదు. ఇప్పటికీ ఆ వేడి చేతికి తగులుతూనే ఉంటుంది. అందుకే నేను రాయిస్తాను. మీరు ట్రే గురించి అడుగుతూ ఉండండి.

రాయగడ_సిస్టరమ్మ | బుధవారం మధ్యాహ్నం 12:45

అడుగుతాను. కడగని ట్రే ఇంకో బిడ్డకి వెళ్తుంది కాబట్టి అడుగుతాను. మీకు జరిగింది అన్యాయమే మేడమ్, కాదనను. కానీ మీకు కళ్లు చెమర్చాయి, అందుకే సీసా కనిపించలేదు. ఆ పిల్ల సీసా గురించి రాసింది. చుక్క గురించి రాసింది. చేతులు వణికాయని రాసింది. ఎందుకు వణికాయో ఎవరైనా అడిగారా? పదికి తొమ్మిది వేసి పంపించేశారు.

పర్లాకిమిడి_తాత | బుధవారం మధ్యాహ్నం 1:05

ఇద్దరూ కాసేపు ఆగండి. ఆ పిల్ల చదువుతూ ఉంటుంది.

నిర్వాహకుడు | బుధవారం మధ్యాహ్నం 1:30

దయచేసి వ్యక్తిగతంగా వెళ్లకండి. ఆరో_సెమిస్టర్ జవాబు ఇవ్వాలనుకుంటేనే ఇస్తారు.

గుణుపురం_నాన్న | బుధవారం సాయంత్రం 6:00

నాకు భయం వేస్తోంది. పిల్లల సెట్ లేకపోతే పెద్దవాళ్లది పెట్టేస్తారా?

ఆరో_సెమిస్టర్ | గురువారం రాత్రి 12:50

పిల్లల సెట్లు లేవు. ట్రాలీలో ఉన్నదే తీశాను. మైక్రో అనుకుని నలభై పెట్టాను. సిస్టర్ పక్క వార్డులో ఉన్నారు, ఇద్దరమే. ఇప్పుడు గుర్తుచేసుకుంటే చాంబర్‌లో సూది లేదు.

రాసేటప్పుడు కూడా నాకు ఇది తట్టలేదు. చూరు అని ఎందుకు రాశానో తెలీదు, కళ్లు మూసుకుంటే అలాగే కనిపించింది. హౌస్ సర్జన్ "ఫ్లూయిడ్ ఎక్కువైనట్టుంది" అన్నాడు, ఒంట్లో నీరు తీసే లేసిక్స్ రాశాడు. నేను మలేరియా వల్లే అనుకున్నాను. అనుకోవాలనుకున్నానేమో. చేతులు మాత్రం వణికాయి.

ఇంకో సంగతి. మీరు చదివింది నేను ముందు తెలుగులో రాసుకున్నది. కాలేజీకి ఇంగ్లీషులో ఇచ్చాను. అందులో చూరు లేదు. నాకు ఆ మాటకి ఇంగ్లీషు రాలేదు. "ఐవీ ఫ్లూయిడ్ ఆన్ ఫ్లో, 40 డ్రాప్స్ పర్ మినిట్" అని రాశాను. టీ గ్లాసు కూడా పోయింది. మా మేడమ్‌ని ఏమీ అనకండి, ఆవిడకి కనిపించే అవకాశమే లేదు.

ఇప్పుడు నేనేం చెయ్యాలి?

పర్లాకిమిడి_తాత | గురువారం ఉదయం 5:30

చూశారా.

అంతే, ఇంకేమీ అనను.

వంశధార | గురువారం ఉదయం 7:10

నిజంగా అడుగుతున్నాను. ఎక్కువ వెళ్లింది 240 మి.లీ., గ్లాసు నీళ్లు. అంత ప్రమాదమా?

బరంపురం_ట్యూటర్ | గురువారం ఉదయం 8:40

ప్రమాదమే. ఆ వయసుకి, ఆ బరువుకి, అందులోనూ జ్వరంతో నీరసించిన బిడ్డకి గ్లాసు అంటే చాలా. కెన్యా, యుగాండా, టాంజానియాల్లో తీవ్రమైన జ్వరంతో వచ్చిన 3 వేలమందికి పైగా పిల్లల మీద ఫీస్ట్ అని ఒక అధ్యయనం చేశారు. వాళ్లలో మలేరియా పిల్లలే ఎక్కువ. త్వరత్వరగా ఎక్కువ ఫ్లూయిడ్ ఎక్కించిన పిల్లల్లోనే మరణాలు ఎక్కువని 2011లో తేలింది. ఇది నేనే పాఠం చెప్తాను. చెప్పి కూడా ఆ కథలో చూడలేకపోయాను.

సిస్టరమ్మ గారూ, నిన్న అన్నమాటలకి క్షమించండి.

అమ్మాయీ, ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయి. ఈరోజే. తేదీ, టైం, ఏ సెట్, ఎంత వెళ్లింది, అన్నీ. ఆలస్యమైనా ఫర్వాలేదు. ఇది నీ ఒక్కదాని తప్పు కాదు, సెట్లు లేకపోవడం పెద్ద తప్పు. అది కాగితం మీదికి రావాలి.

రాయగడ_సిస్టరమ్మ | గురువారం ఉదయం 9:05

రాయకు.

క్షమాపణ అక్కర్లేదు మేడమ్. కానీ ఈ పిల్లని రాయమనకండి. అమ్మాయీ, ఆ కథ కూడా ఇక్కడినుంచి తీసేయమని నిర్వాహకుడికి చెప్పు.

బరంపురం_ట్యూటర్ | గురువారం ఉదయం 9:12

ఇదేమిటి? నిన్నటిదాకా "చూసింది రాయి, చేసింది రాయి, సంతకం పెట్టు" అన్నది మీరే కదా?

రాయగడ_సిస్టరమ్మ | గురువారం ఉదయం 10:50

అవును, నేనే. రాసి చూశాను కాబట్టి చెప్తున్నాను.

ఏ ఆస్పత్రో ఏ ఏడో చెప్పను. ఓ రాత్రి 42 మంచాలకి నేనొక్కదాన్నే. ఒకరికి ఇంజెక్షన్ 40 నిమిషాలు ఆలస్యమైంది. డాక్టరుకి మూడుసార్లు కబురు పంపాను, రాలేదు. పొద్దున ఎక్స్‌ప్లనేషన్ రాయమన్నారు. ఉన్నది ఉన్నట్టు రాశాను, నేను ఎప్పుడు ఎక్కడున్నానో, ఎందుకు ఆలస్యమైందో, నాకు భయమేసిందని కూడా రాశాను. అప్పుడు చిన్నదాన్ని. నా చేత్తో రాసిన ఆ ఒక్క పేజీనే పట్టుకుని మెమో ఇచ్చారు, ఇంక్రిమెంట్ ఆపారు. ఆ డాక్టరు ఒక్క ముక్క రాయలేదు. రాసినదాన్ని నేను, రాయనివాడు ఆయన. "భయమేసింది" అన్న మాట కింద ఎర్రగీత గీసి, ఒత్తిడిలో పనిచేయలేదు అని పక్కన రాశారు. ఆ మాట నా సర్వీసు పుస్తకంలో ఎక్కింది.

ఆ రోజునుంచే అనుకున్నది రాయడం మానేశాను. పల్స్ ఎంత, బీపీ ఎంత, అంతే. మీరు నాకు కథలంటే గిట్టదనుకుంటున్నారు. నాకు గిట్టనిది కాగితం. అది మన దగ్గర ఉండదు.

కాఫీతోట_కొరాపుట్ | గురువారం ఉదయం 11:20

సిస్టరమ్మ గారి భయం ఊరికే పుట్టింది కాదు. నేను వకీలు దగ్గర పనిచేస్తాను. బ్రిటన్‌లో ఒక పిల్లాడి మరణం కేసులో ఒక జూనియర్ డాక్టరు మీద నేరం రుజువై, 2018లో రిజిస్టరు నుంచి పేరు తీసేశారు, అదే ఏడు అప్పీలులో తిరిగి ఎక్కించారు. ఆవిడ రాసుకున్న రిఫ్లెక్షన్ నోట్సే ఆవిడకి ఉరితాడయ్యాయని అప్పట్లో గగ్గోలు.

బరంపురం_ట్యూటర్ | గురువారం ఉదయం 11:34

ఆ నోట్సు జ్యూరీ ముందుకి రాలేదు. విచారణ కోసం రిఫ్లెక్షన్ నోట్సు ఇవ్వమని డాక్టర్లని అడగబోమని అక్కడి మెడికల్ కౌన్సిలే చెప్పింది. దయచేసి సగం చెప్పి భయపెట్టకండి.

కాఫీతోట_కొరాపుట్ | గురువారం ఉదయం 11:40

అక్కడి కౌన్సిల్ చెప్పింది. ఇక్కడ ఎవరు చెప్పారు? ఈ పిల్ల నోటుబుక్కు ఎవరి బీరువాలో ఉంది ఇప్పుడు?

ఆరో_సెమిస్టర్ | గురువారం మధ్యాహ్నం 12:15

స్టాఫ్ రూమ్‌లో. సెమిస్టర్ అయ్యాక కూడా తిరిగి ఇవ్వరు, ఇన్‌స్పెక్షన్‌కి చూపించాలట.

బరంపురం_ట్యూటర్ | గురువారం మధ్యాహ్నం 2:30

నా క్లాసు పిల్లల నోటుబుక్కులూ మా బీరువాలోనే ఉన్నాయి. మూడు బ్యాచ్‌లవి. ఇన్నాళ్లూ దాని గురించి ఆలోచించలేదు.

ఒక్కటి చెప్తాను. మార్కులు తీసెయ్యడం నా చేతిలో లేదు. కానీ కథలు చదివి తిరిగిచ్చేసి, "రాసింది" అని రిజిస్టరులో టిక్కు పెట్టుకోవచ్చు. చెప్పుకోవడానికి నలుగురైదుగురు కూర్చుని చదువుకోవచ్చు, అందులో వార్డులో పనిచేసే సిస్టర్ ఒకరు ఉండాలి. మీలాంటి మనిషి. తప్పు బయటపడితే మాత్రం అది రిపోర్టుకి వెళ్లాల్సిందే, ఇందులో నేను మారను. ఆ బిడ్డ అదృష్టం కొద్దీ బతికింది. ఇంకో వారం అదే ట్రాలీ, అదే సెట్టు. దాచిపెడితే మనమేం నర్సులం?

రాయగడ_సిస్టరమ్మ | గురువారం మధ్యాహ్నం 3:10

దాచమనలేదు. నోటితో చెప్పమంటున్నాను. ముందు ఇన్‌చార్జికి చెప్పు అమ్మాయీ. ఒక్కదానివీ వెళ్లకు, నువ్వు నమ్మే సిస్టర్‌ని వెంట పెట్టుకుని వెళ్లు. ఏడవకు. చుక్కల లెక్క చెప్పు, సీసా లెక్క చెప్పు. కథ చెప్పకు.

వంశధార | గురువారం మధ్యాహ్నం 3:15

ఆ లెక్క కథలోంచే కదా వచ్చింది సిస్టరమ్మ గారూ.

రాయగడ_సిస్టరమ్మ | గురువారం మధ్యాహ్నం 3:16

నువ్వు టీ తాగు నాయనా.

ఆరో_సెమిస్టర్ | శనివారం రాత్రి 10:05

చెప్పాను. ఇన్‌చార్జి సిస్టర్ తిడతారనుకున్నాను. ఏమీ అనలేదు. స్టోర్ తాళం తీసి అరలు చూపించారు. పిల్లల సెట్లు రెండు నెలలుగా రాలేదట. "నేను ఫోన్‌లో చెబుతూనే ఉన్నాను" అన్నారు. ట్రాలీలో ఉన్న పెద్ద సెట్లన్నిటికీ ఇద్దరం కూర్చుని ఎర్ర ప్లాస్టర్ అంటించి 20 అని రాశాం. నా పేరు ఎక్కడా రాయలేదు. రాయాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

ఆ తల్లికి చెప్పలేదు. చెప్పాలంటే ఏ భాషలో, ఎక్కడని వెతకాలి. అది మాత్రం అలాగే ఉంది.

రాయగడ_సిస్టరమ్మ | శనివారం రాత్రి 10:20

ఫోన్‌లో చెబితే ఎలా వస్తాయి? ఇండెంట్ పెట్టారా? కాగితం మీద పెట్టమను. తేదీ వెయ్యమను. స్టోర్ వాళ్ల చేత సంతకం పెట్టించుకుని ఒక కాపీ ఆవిడ దగ్గర ఉంచుకోమను.

బరంపురం_ట్యూటర్ | శనివారం రాత్రి 10:24

సిస్టరమ్మ గారూ...

రాయగడ_సిస్టరమ్మ | శనివారం రాత్రి 10:26

ఇండెంట్ వేరు, కథ వేరు. మళ్లీ మొదలెట్టకండి.

గుణుపురం_నాన్న | ఆదివారం ఉదయం 7:00

అంతా చదివాను. అమ్మాయికి ఫోన్ చేసి డ్రిప్ సెట్ ప్యాకెట్ మీద నంబరు చూస్తున్నావా అని అడిగాను, "నీకెలా తెలుసు నాన్నా" అంది. ఆ కథ సంగతి మాత్రం ఇంకా తేలలేదు. మంగళవారం ఇవ్వాలట, ఒక్క లైను రాయలేదట. పేషెంటు కాళ్లకి కట్టు ఉన్న ఒక ముసలమ్మ. ఎలా మొదలుపెట్టాలో ఎవరైనా చెబుతారా? తెలుగులోనే రాసుకోమన్నాను ముందు.